జత స్పీకర్లు

షిల్లాంగులో బేస్ గిటారుకి స్పీకర్ పెట్టెలు చేసే డోన్‌బోక్ స్పీకర్ల జత కుదర్చడంలో పెళ్లిళ్ల పేరయ్యకన్నా కఠినుడు. రెండింటినీ బల్లమీద వెల్లకిలా పెట్టి, కాగితపు గిన్నెల్ని రెండు బొటనవేళ్లతో ఒకేసారి నొక్కుతాడు. ఒకటి మెత్తగా, ఒకటి బిర్రుగా ఉంటే రెండూ వెనక్కే. తరవాత చిన్న బ్యాటరీ తగిలిస్తాడు. రెండూ కలిసి పైకి ఉబకాలి. "ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ పోతే మోతంతా అక్కడే చస్తుంది," అంటాడు. ఈసారి పెట్టె తను బేస్ వాయించే సొంత బ్యాండుకే. ఇరవై ఏళ్లుగా తన పక్కన నిలబడి పాడుతున్న బాంటెయ్ నాలుగు స్పీకర్లు మోసుకొచ్చాడు. ఇంటికెవరొచ్చినా ముందు వక్క పెట్టాలి గనక, డోన్‌బోక్ ఒక వక్కను ఇద్దరికీ చెరో చెక్కగా కోసి బల్లమీద ఉంచి, ఎంచిన జతను పక్కన పెట్టి, వైరు రంధ్రానికి పెట్టె ఎడమవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు.

"ఈసారి కుడివైపు పెట్టన్నా," అన్నాడు బాంటెయ్.

"నాది ఎడంచేతి వాటం కదరా!"

"మా అక్క కొడుకుది కాదుగా." బాంటెయ్ చూపు స్పీకర్ల మీదే ఉంది. "ఇకమీద బేస్ వాడే వాయిస్తాడు. మేనమామను, కాదనలేను. మన బ్యాండువాళ్లు కూడా సరేనన్నారు."

"అందరూనా?"

"పోయిన నెలే."

డోన్‌బోక్ గుర్తు చెరిపి, కుడివైపు నున్నగా రంధ్రం తొలిచాడు. స్పీకర్లు బిగించి మళ్లీ బ్యాటరీ తగిలించాడు. రెండూ కలిసే ఉబికాయి.

"జత కుదిరినట్టేనా అన్నా?"

"స్పీకర్లకి కుదిరింది," అని, బల్లమీది రెండు వక్కచెక్కలూ తీసి తన నోట్లోనే వేసుకున్నాడు.