పక్కన పెట్టిన నాలుగు ప్యాకెట్లు

నాలుగు గంటల పనిని కిలో కారానికి మాట్లాడుకున్నవాణ్ణి నేను. ఆ కారం కూడా డబ్బాతో కలిపి తూచాను.

నేను రాసిన కోడ్ చదివి తప్పులు చెప్పడానికి ఆ కారం పుచ్చుకున్నది మా ఆఫీసులో నాతోపాటు పనిచేసే అమ్మాయి. ఆఫీసు హైదరాబాదులో ఉంది, నేను మాత్రం నరసరావుపేటలో ఇంటి నుంచే పనిచేస్తాను. వెబ్ పేజీలు కడతాను, అంటే జనం ఫోనులో చూసి వేలితో ఒత్తే భాగం. పైన నా గది, కింద మా నాన్న విత్తనాల కొట్టు. కొట్టుకి కూడా ఒక పేజీ కట్టి పెట్టాలని నాకే బుద్ధి పుట్టింది. ఎవరూ అడగలేదు.

మిరప నార్లు పోసే రోజుల్లో గిరాకీ ఉన్న రకం విత్తనం దొరకడం కష్టం. అందుకని వాడుకగా వచ్చే రైతులు ముందే ఫోన్ చేస్తారు. నాన్న అన్ని ప్యాకెట్లు తీసి, రబ్బరు బ్యాండు వేసి, ఊరి పేరు రాసిన చీటీ దోపి గల్లాపెట్టె వెనకున్న బుట్టలో పడేస్తాడు. పక్కన పెట్టిందంటే అమ్మినట్టే. బుట్టలో ఉన్నదాన్ని ఎవరొచ్చి అడిగినా ఇవ్వడు.

"ఇంకా బుట్టేంది నాన్నా? అంతా ఫోన్లోకి తెస్తా," అన్నాను.

"బుట్టకేమొచ్చిందిరా? తడిమితే తెలుస్తది ఎన్నున్నయ్యో."

"ఫోన్లో అయితే తడిమే పని కూడా లేదు."

వారం రోజులు బేరమాడి బుట్ట తీయించాను. ఇకమీదట రైతులు ఇంట్లో కూర్చునే తమకు కావలసినవి పక్కన పెట్టించుకోవచ్చు. గుమాస్తా తన ఫోనులో మిగిలినవి ఎన్నో చూసి అమ్ముతాడు.

పేజీ మూడు అంకెలు గుర్తుపెట్టుకుంటుంది: కొట్టులో ఉన్నవి, పక్కన పెట్టినవి, మిగిలినవి. ఇలా పేజీ గుర్తుపెట్టుకునేదాన్ని మా పనిలో స్టేట్ అంటాం. కారం పుచ్చుకున్న అమ్మాయి నేను రాసిందంతా చదివి ఫోన్ చేసింది.

"అన్నా, మిగిలినవి అని విడిగా ఎందుకు దాచావు? ఉన్నవాటిలోంచి పక్కన పెట్టినవి తీసేస్తే వచ్చేదే కదా అది. దాన్ని దాచకూడదు, పుట్టించుకోవాలి. పైవి మారితే అది దానంతటదే మారాలి. రియాక్టివ్ అని రోజూ మీటింగుల్లో చెప్పేది నువ్వేగా?"

"నాలుగు చోట్లే కదమ్మా మారేది. నాలుగు చోట్లా చేత్తోనే మారుస్తాను."

"ఐదో చోటు వస్తే?"

"వచ్చినప్పుడు చూద్దాం."

ఆమె అడిగింది ఒక పూట పని అనిపించింది. నేను దాన్ని బేరమాడి ఒక వాక్యానికి దించాను. 'తర్వాత సరిచేయాలి' అని కోడ్ మధ్యలో ఒక మాట రాసి వదిలేశాను. గెలిచానన్న సంతోషంలో ఆ పూట అన్నం కూడా ఎక్కువ తిన్నాను.

ఐదో చోటు పది రోజుల్లో వచ్చింది. పక్కన పెట్టించుకున్నాక సంఖ్య పెంచుకునే వీలు లేదేంటని రైతులు అడిగితే, ప్లస్ గుర్తు ఒకటి పెట్టాను. ఒత్తితే పక్కన పెట్టినవి పెరుగుతాయి. మిగిలినవి తగ్గించాలన్న సంగతి మర్చిపోయాను.

గురజాల దగ్గర ఊరి నుంచి ఒకావిడ ఏటా మా దగ్గరే విత్తనం కొంటుంది. కౌలు సేద్యం. ఆ ఏడు వానకి ఆమె నారుమడిలో కొంత భాగం కుళ్ళిపోయింది. మళ్ళీ అదే రకం వెంటనే పోస్తేనే నారు కాస్త అటూఇటుగా ఒక్క ఈడుకి వస్తుంది. ఆ రకం మా కొట్టులో మిగిలింది సరిగ్గా నాలుగు ప్యాకెట్లు. ఆమె పొద్దున ఫోనులో రెండు పక్కన పెట్టించుకుంది. మధ్యాహ్నం మడి మళ్ళీ చూసుకుని, ప్లస్ ఒత్తి నాలుగు చేసుకుంది. 'మీకు నాలుగు పక్కన పెట్టాం' అని ఆమె ఫోను చెప్పింది. 'ఇంకా రెండు మిగిలాయి' అని గుమాస్తా ఫోను చెప్పింది. అతను ఆ రెండూ రాజుపాలెం రైతుకి ఇచ్చేశాడు. బుట్ట ఉండి ఉంటే ఇచ్చేవాడు కాదు.

మర్నాడు ఆమె మూడు గంటలు బస్సులో కూర్చుని వచ్చింది. ఆ రోజు ఆఫీసు పని లేక నేనూ కొట్టులోనే ఉన్నాను. గుమాస్తా రెండు ప్యాకెట్లు బల్ల మీద పెట్టాడు.

"ఇంకో రెండేవి?" అంది.

"రెండేగా అత్తా నువ్వు పెట్టించుకుంది. నిన్న పొద్దున చూశాగా."

"నాలుగు. చూడు." ఫోను నా ముందుకు చాచింది. "నీ పేజీనేగా నాయనా. ప్లస్సు ఒత్తా. నాలుగయినయ్యి."

ఒక్క క్షణంలో నాకు అర్థమైంది. కోడ్‌లో ఏ వరసలో తప్పుందో, ఏ అంకె తగ్గించడం మర్చిపోయానో కళ్ళముందు కనబడింది. నాన్న తలెత్తి నా వైపు చూశాడు. బెంచీ మీద ఇద్దరు ముగ్గురు రైతులున్నారు.

"మీ ఫోన్లో పేజీ అట్టా నిలబడిపోయిందమ్మా," అన్నాను. "సిగ్నల్ లేనప్పుడు ఒత్తుంటారు. మాకు చేరలేదు."

ఆ అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది. పుచ్చు గింజని చేటలో అడుక్కి తోసే చెయ్యి మాది.

బెంచీ మీద పెద్దాయన నవ్వాడు. "ఒత్తేటప్పుడు గట్టిగా ఒత్తాలక్కా. అది ఫోను, పిడక కాదు, మెల్లగా చరిస్తే అతుక్కోటానికి."

గుమాస్తా కూడా నవ్వాడు. ఆమె ఫోను వెనక్కి తీసుకుని చీరకొంగుతో తుడిచింది, దుమ్ము వల్లనేమో అన్నట్టు.

"నిజమేలే నాయనా. నాకు చాతగాలా. మిమ్మల్ని ఇబ్బంది పెట్టా," అంది.

ఆమె నాకు క్షమాపణ చెబుతుంటే నేను పెద్దమనసుతో తలూపాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. గిరాకీని మెట్టు దిగనిస్తే పక్క కొట్టెక్కుతుందని చిన్నప్పటి నుంచీ విన్నవాణ్ణి కదా! "రేపు సరుకొస్తుంది, మీకే ముందు ఫోన్ చేస్తాను, ఎక్కడికీ పోవద్దు," అన్నాను. సరుకు నాలుగు రోజులకు గానీ రాలేదు.

గిరాకీ ముందు ఒకరి మాటని ఒకరు కాదనకూడదన్నది మా కొట్టు ఆనవాయితీ. అందుకే నాన్న ఆమె వెళ్ళేదాకా ఆగాడు.

"తప్పు ఆమె ఫోనుదేనా?"

నేను తూకం రాళ్ళు సర్దడం మొదలుపెట్టాను.

"అట్నా," అని లేచి ఖాళీ బుట్ట కోసం వెతుక్కున్నాడు.

పైకి వెళ్ళి సరిచేశాను. మిగిలినవి అన్న అంకెని దాచడం మానేసి, పై రెండింటి నుంచి పుట్టేలా రాశాను. మా అమ్మ ఇచ్చిన టీ చల్లారకముందే అయిపోయింది. ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను: 'ఆలోచించి మార్చాను.' 'సూపర్ అన్నా' అని జవాబు వచ్చింది. ఆ మెచ్చుకోలు కూడా ఉంచేసుకున్నాను.

నెలన్నర తర్వాత ఆ గురజాల వైపు ఆవిడ తెగులు మందు కోసం వచ్చింది. ఫోను బయటికి తీయలేదు. గుమాస్తాతో, "నాకు ఫోను రాదులే అబ్బాయ్, నువ్వే చూసి చెప్పు," అంది. పేజీ పెట్టిన కొత్తలో పక్క ఊరి ఆడవాళ్ళకు కూడా తనే పేజీ తెరిచి చూపించిన మనిషి.

కొట్టులో అప్పుడు ఆరేడుగురున్నారు. ఆమెను తూకం బల్ల అవతలికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పాను. ఫోనుది కాదని, నాదని.

"అయితే ఆ రోజు నేను సరిగానే ఒత్తానా?"

"సరిగానే ఒత్తారమ్మా."

కాసేపు నా మొహంలోకి చూసింది. "మాచర్లలో మా తోడికోడలి తమ్ముడి కొట్లో అదే రకం ఉందిరా. మీ పేజీ నాలుగందని, దగ్గరున్న మాచర్ల వదిలి ఇంత దూరం వచ్చా. తప్పు మాదేనని ఆ రోజే ఒక్క మాటంటే, ఆ సాయంత్రానికి అక్కడుండేదాన్ని. నువ్వు రేపొస్తయ్యంటివి. నీ ఫోను కోసం కూర్చుంటి. రెండో రోజుకి అక్కడా అయిపోయినయ్యి. పావెకరానికి దొరికిన రకమేదో పోశా."

"వచ్చే ఏడు మీకే మొదట..."

"నాతో బేరమాడబాక."

ఆమె సంచి బల్ల మీద పెట్టింది.

"మా ఆయన ఆ రోజు నుంచి ఫోను ముట్టుకోనీట్లా. ఒత్తటం చాతగాక పావెకరం పోగొట్టావంటాడు. ఆయనకి చెప్పు." సంచిలోంచి ఫోను తీసి, నంబరు ఒత్తి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

అటునుంచి మోటారు మోత. మెల్లగా చెప్పాను.

"ఏంది? వినపడలా. గట్టిగా చెప్పు!"

ఇంకాస్త గట్టిగా చెప్పాను. "పేజీ తప్పండీ!"

"ఎవరి తప్పు?"

కొట్టులో మాటలు ఆగిపోయాయి. గుమాస్తా మందు డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నా తప్పండీ! మీ ఆవిడ సరిగానే ఒత్తింది! నేనే అబద్ధం చెప్పాను!"

మోటారు ఆగింది. నా చివరి మాట కొట్టంతా వినపడింది. తర్వాత ఫోనులోంచి అతను నింపాదిగా అడిగాడు.

"సరే. మరి ఆ పావెకరం సంగతేంది?"

అందరూ నా వైపే చూస్తున్నారు. ఆమె కూడా.