రాజకుమారికి రాని అభిషేకం

గోదావరిఖనిలో ఒక బొగ్గుబావి ముందర, లాంప్ రూం కిటికీలో కూర్చునే రాజకుమారికి మనుషులంటే పెద్ద గౌరవమేమీ లేదు. బావిలో దిగేవాళ్ళు ఆమెకు తమ నంబరు బిళ్ళ ఇచ్చి, నెత్తికి పెట్టుకునే లైటు తీసుకుంటారు. ప్రతి లైటునూ అరచేతి మీద వెలిగించి చూస్తే గానీ ఆమె చేయి దాటనివ్వదు. "జల్ది ఇయ్యక్కా, షిఫ్టుకు టైమైతుంది" అని ఎవరైనా తొందరపెడితే, "లోపల ఆరిపోతే మీ నాయిన వచ్చి వెలిగిస్తడా?" అంటుంది. భర్త సదయ్య పోయాక అతని బదులుగా వచ్చిన ఉద్యోగం. పదకొండేళ్ళయింది.

ఆదివారం ప్రార్థన మందిరంలోనూ అవే కళ్ళు. పాస్టరు మైకు పెదవులకు ఆనించుకుని "ప్రభువా" అని గర్జిస్తే, దేవుడికేమన్నా చెవుడా అనుకునేది. ఆత్మ తాకి దభీమని పడిపోయే జమున ఒక్కసారైనా వట్టి సిమెంటు మీద పడదని, చూసుకుని చాప మీదే పడుతుందని ఎప్పుడో కనిపెట్టింది. ఇక గట్టయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. బావిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని అతనిది. శనివారం తాగి, ఆదివారం వచ్చి, తలుపు పక్కన చివరి చాప మీద కునుకు తీసి వెళ్ళేవాడు. అతన్ని దాటేటప్పుడు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది.

ఇంత ఏవగింపు మోస్తున్న మనిషికి కోరిక మాత్రం ఒక్కటే. దేవుడు వచ్చి తనలో ఉండాలి.

పెంతెకొస్తు పండుగకు ముందు ఆ మందిరంలో పది రోజులు కనిపెట్టు ప్రార్థనలు జరుగుతాయి. ఉపవాసం ఉండి పరిశుద్ధాత్మ కోసం ఎదురుచూస్తారు. ఆత్మ వచ్చినవాళ్ళు వణుకుతారు, ఎవరికీ తెలియని అన్యభాషలు మాట్లాడతారు. అభిషేకం వచ్చిందని వాళ్ళకు ముందు వరుసలో కుర్చీ వేస్తారు. రాజకుమారి తొమ్మిదేళ్ళు, ఏటా సెలవు పెట్టి మరీ కూర్చుంది. మోకాళ్ళు కాయలు కాశాయి గానీ ఒంటి మీద వెంట్రుక కూడా కదల్లేదు. "నా లోపలికి రా ప్రభువా, ఒక్కసారి రా" అని వెక్కివెక్కి ఏడ్చేది. ఆమెలో ఎన్ని వంకలైనా ఉండనీ, ఆ ఏడుపు మాత్రం నిజం. క్వార్టరుకు వచ్చి తలుపు వేసుకుంటే లోపల ఎంత ఖాళీగా ఉండేదో ఆమెకే తెలుసు.

పదో ఏడు పాస్టరమ్మ అందరూ వినేట్టుగా అంది: "రాజక్కా, నిన్నగాక మొన్న వచ్చినోళ్ళకు సుత ఆత్మ దిగింది. నీ గుండెల ఏం చెత్త పెట్టుకున్నవో, జర ఊడ్చుకోరాదు?"

నవ్వింది నలుగురే, కానీ ఆమె చెంపలు మండిపోయాయి. ఆ సాయంత్రమే వణికింది. నోటికొచ్చిన నాలుగు ముక్కలను తిప్పి తిప్పి పలికింది. మందిరం దద్దరిల్లిపోయింది. పాస్టరు ఆనందబాష్పాలు కార్చాడు, పాస్టరమ్మ కౌగిలించుకుంది, కుర్చీ వచ్చింది. దొంగ వణుకును ఒక్కరైనా పట్టలేకపోయారే అని రాజకుమారికి వాళ్ళ మీద అసహ్యం రెట్టింపైంది. ఇంటికి వెళ్ళాక అదే అసహ్యం తన మీదికి తిరిగింది. ఆ తర్వాత దేవుణ్ణి పిలవడానికి కూడా ఆమెకు నోరు రాలేదు.

రెండు వారాలకు గట్టయ్య లాంప్ రూం కిటికీ ముందుకు వచ్చాడు. మొన్న పక్క పనిస్థలంలో బండ కూలినప్పటి నుంచి అతనికి బావిలో దిగాలంటే అడుగు ముందుకు పడటం లేదు. హెల్మెట్ తీసి తల వంచాడు.

"అక్కా, జర నెత్తిమీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యి. భయమైతుంది."

ఆమె చెయ్యి లేచింది. ఆ నాలుగు ముక్కలు నాలుక కొసకు వచ్చాయి కూడా. ఎదురుగా ఉన్నవాడు చీకట్లోకి దిగబోతున్నాడు. వెలగని లైటు ఇచ్చి పంపినంత పాపం ఇది. చెయ్యి దించేసింది.

"నా దగ్గర ఏం లేదు గట్టయ్యా. ఆ దినం నేను అబద్ధమాడిన."

"ఎర్కనే అక్కా."

"ఏంది?"

"తాగనోడు తాగినట్టు చేస్తే నాకు తెల్వదా? నీ వణుకు గూడ గట్లనే అనిపించింది."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. మందిరం మొత్తంలో పట్టుకున్నవాడు వీడా! "మరి నన్నెందుకు అడుగుతున్నవ్?"

"నీ లెక్క ఆయన కోసం గంతగనం ఏడ్చినోళ్ళు ఆడ ఇంకెవ్వరున్నరక్కా? ఏండ్లకేండ్లు వెనకనుంచి చూస్తనే ఉన్న. లేదంటివి గదా, నాకూ లేదు. ఇద్దరం అడుగుదాం."

అతని వెనక లైట్ల కోసం నిలబడ్డవాళ్ళు అరుస్తున్నారు. రాజకుమారి కిటికీలోంచి చెయ్యి చాచి, చెమటతో తడిసిన ఆ తల మీద పెట్టింది. "ప్రభువా, ఈయనతోని ఉండు" అంది. లైటు చేతికిచ్చాక, షిఫ్టు అయ్యి అతని లైటు తిరిగి వచ్చేదాకా ఆమె మనసు మనసులో లేదు.

ఆదివారం పాస్టరు ఆమెను సాక్ష్యం చెప్పమని పిలిచి మైకు ఇచ్చాడు.

"నాకు ఆత్మ రాలే. మీరు నా నటనకు చప్పట్లు కొట్టిండ్రు. మిమ్ములందర్నీ లోపల లోపల చీదరించుకున్న నేను, మీకన్న పెద్ద దొంగను," అంది.

పాస్టరమ్మ సైగ చేయగానే కీబోర్డు మోగింది, పాట అందుకున్నారు. కుర్చీని తీసి గోడకు చేర్చడానికి వాళ్ళకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రాజకుమారి అందరి చూపులూ దాటుకుంటూ తలుపు దాకా నడిచింది. గట్టయ్య ఒళ్ళు ముడుచుకుని చాప మీద పక్కకు జరిగాడు. నిన్నటి వాసన ఇంకా కొడుతూనే ఉంది. ఆమె కొంగు జోలికి పోకుండా కూర్చుని, ఎవరికీ వినపడనంత మెల్లగా, "రా ప్రభువా" అని పిలిచింది. వణుకు లేదు, భాష లేదు. కానీ పదేళ్ళలో మొదటిసారి, ఆయన అప్పటికే వచ్చి ఉన్నట్టు, పిలిచాక ఎదురుచూడాలని అనిపించలేదు.