కువైట్ చల్లదనం, రామచంద్రపురం ఓల్టేజి

దుబాయ్ వెళ్ళిన మా పిన్ని కొడుకు మొన్న ఒక వీడియో పంపాడు. అందులో రెండు దేశాలను పక్కపక్కన నిలబెట్టి, రోడ్లు, నీళ్ళు, కరెంటు, ఆస్పత్రులు అంటూ ఒక్కోదానికీ మార్కులు వేసి, చివరికి మన దేశాన్ని ఫెయిల్ చేశారు. ఆ మార్కులు చూడగానే నాకు మా మావయ్య గుర్తుకొచ్చాడు.

తొంభైల చివర, నేను ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి, రామచంద్రపురంలో అమ్మ తమ్ముడి ఇంట్లో ఉంటూ మండపేట రైస్‌మిల్లులో పనికి వెళ్ళొచ్చే రోజుల్లో, కువైట్‌లో ఒక షేక్ ఇంట్లో డ్రైవరుగా ఉన్న ఆ మావయ్య సెలవు మీద వచ్చాడు. దిగిన పూట నుంచీ ముక్కు చిట్లించడమే పని. కాలవ గట్టున నడిస్తే అక్కడి రోడ్డు, బిందె పట్టుకుంటే అక్కడి కొళాయి, ఫ్యాను ఆగితే అక్కడి కరెంటు. రెండు పంటలు పండే నేల మీద కూర్చున్న మా వీధి పెద్దమనుషులు, ఇసుక పండే దేశం గురించి నోళ్ళు తెరుచుకుని వినేవారు. ఒక సెంటు సీసా చేతిలో పడితే చాలు, సొంత ఊరిని ఎవరెంత తిట్టినా మనవాళ్ళు తలలూపుతారు.

ఈ పోలికలన్నీ అత్తయ్య కోసం. ఆ షేక్ ఇంట్లోనే ఇంటిపనికి ఆవిడకు వీసా తెచ్చాడు. ఆరేళ్ళ పాపను మా అమ్మ దగ్గర వదిలి తనతో రమ్మంటాడు. అత్తయ్య అవుననలేదు, కాదనలేదు.

అక్కడి సుఖం కాస్త రుచి చూపిస్తే ఒప్పుకుంటుందనుకున్నాడేమో, రాజమండ్రి వెళ్ళి పాత ఏసీ ఒకటి కొనుక్కొచ్చి పడకగది కిటికీలో పెట్టించాడు. ఎండాకాలం మధ్యాహ్నం మా వీధి ఓల్టేజికి కంప్రెసర్ తిరగదని, స్టెబిలైజరు పెట్టినా ట్రాన్స్‌ఫార్మరు మోయదని చెప్పాను.

"నీ డిప్లొమా మిల్లులో చూపించుకోరా అల్లుడూ" అని స్విచ్చి వేశాడు.

ఏసీ ఒక్కసారి మూలిగింది. వీధంతా కరెంటు పోయింది. ఎదురింటి మామ్మగారు గుమ్మంలోకి వచ్చి, "ఏంటి బాబూ, కువైట్ వచ్చిందా, వచ్చి వెళ్ళిపోయిందా?" అన్నారు.

మావయ్య మొహం కందగడ్డలా అయింది. "ఛీ, ఇదీ ఒక దేశమేనా! అక్కడ వంటింట్లో కూడా ఏసీయే!"

పాపకు విసనకర్రతో విసురుతున్న అత్తయ్య తలెత్తింది. "వంటిల్లు సరేనండి. మీరు పడుకునే గదిలో?"

మావయ్య ఏసీ వంక చూస్తూ చెప్పాడు. "గ్యారేజీ వెనక రేకుల షెడ్డు. నలుగురం ఉంటాం. ఫ్యాను ఉందిలే."

"మరి నాకండీ?"

మావయ్య లేచి ఏసీ ప్లగ్గు పీకేశాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన మా ఇంటితో పోల్చింది షేక్ ఇంటిని. తన షెడ్డు ఏ పోలికలోకీ రాలేదు. రెండు మోటార్లను పోల్చాలంటే రెంటి మీదా ఒకే లోడు, అంటే ఒకే బరువు పెట్టాలని డిప్లొమా మొదటి ఏడే చెబుతారు. ఆ పాటి ఆలోచన మా వీధిలో నాతో సహా ఎవరికీ రాలేదు. అత్తయ్య వెళ్ళలేదు. ఏసీని మంచం కిందకు తోసి మావయ్య ఒక్కడే విమానమెక్కాడు.

ఇప్పుడా వీధికి పెద్ద ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది, ఇంటింటికీ ఏసీ వచ్చింది. మధ్యాహ్నమైతే తలుపులన్నీ బిగించి ఉంటాయి, గుమ్మంలో నిలబడి వెక్కిరించడానికి మామ్మగారు లేరు. పరాయివాడి మేడకు మార్కులు వేసే జబ్బు మాత్రం అలాగే ఉంది. నువ్వు పడుకునే గది ఎలా ఉందిరా అని వీడియో పంపిన దుబాయ్ తమ్ముడికి మెసేజి పెట్టాను. చూసినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. మావయ్య ఎన్ని గొప్పలు చెప్పినా చివరికి నిజం చెప్పాడు. ఆయనను అడిగిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది మరి.