బేరింగు మీద అరచెయ్యి

మిల్లులో అతన్ని అందరూ డాక్టరనేవారు. తిరుగుతున్న యంత్రం మీద అరచెయ్యి ఆనించి, ఏ బేరింగు వేడెక్కిందో, ఏది అరిగిందో ఇట్టే చెప్పేవాడు. చాలాకాలం ఆ మాటకు తిరుగులేదు.

అలాంటి చోట సెన్సర్లు బిగించినవాడు అతని సొంత బావమరిదే. కొత్త కంట్రోల్ రూముకు వాడే ఇన్‌ఛార్జి. ఇక ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఇంట్లో ఎదురుపడితే ఒకరు కంచం తీసుకుని పెరట్లోకి పోయేవారు.

"నా మెషీన్ల మీద చాడీలు చెప్పే పెట్టెలు పెడతావట్రా?"

"చాడీలు కాదు బావా. వేడి ఎంతుందో చెప్తాయి, అంతే."

ఒక మధ్యాహ్నం పెద్ద ఫ్యాను దగ్గర అలారం మోగింది. బావమరిది పరుగున వచ్చాడు. డాక్టరు స్విచ్చికి అడ్డంగా నిలబడి, బేరింగు మీద చెయ్యి పెట్టి ఉన్నాడు.

"గోరువెచ్చగా కూడా లేదు. జ్వరం నీ పెట్టెకే!"

"పక్కకి జరుగు, ఆపాలి!"

"నాకే నేర్పుతావా?" అంటూ డాక్టరు సెన్సర్ వైరు పట్టి లాగేశాడు. అలారం నోరు మూసుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. బావమరిది పళ్లు నూరుతూ, వైరు మళ్లీ తగిలించడానికి వంగాడు. అంతలోనే బేరింగు పగిలింది. ఎగిరివచ్చిన ఇనప ముక్కకు వాడి మోకాలి కింద ఎముక విరిగింది.

ఆసుపత్రిలో డాక్టరు భార్య తన తమ్ముడి మంచం పక్కనే కూర్చుంది. మొగుడు లోపలికి రాగానే ఆమె కళ్లు అతని అరచేతి మీద పడ్డాయి. నిండా బొబ్బలు.

"ఇదెప్పుడు కాలింది?"

అతను చెయ్యి జేబులో దాచుకోబోయాడు.

"ఆయన్నేం అడుగుతావక్కా," అన్నాడు తమ్ముడు. "కాలిన సంగతే ఆయనకి తెలీదు."

ఇక దాచడానికేం మిగల్లేదు. "వేళ్లు మొద్దుబారి చాన్నాళ్లయింది," అని గొణిగాడు డాక్టరు. "చప్పుడు విని నెట్టుకొస్తున్నా."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"చెప్తే నన్నింక డాక్టరని ఎవడంటాడు?"

ఆమె లేచి తలుపు తీసింది. "నీ పరువు కోసం వాడి కాలు విరగ్గొట్టావన్నమాట. నడువు బయటికి."

మర్నాడు అతనే వెళ్లి మేనేజరుతో జరిగిందంతా చెప్పాడు. అతన్ని గేటు కాపలాకు మార్చారు. కొన్నాళ్లకు బావమరిది చేతికర్రతో తిరిగి పనిలోకి వచ్చాడు.

"ఒరే, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాడు డాక్టరు.

"గేటు తియ్యి," అన్నాడు బావమరిది, అతని మొహం కూడా చూడకుండా.

తీశాడు.