చీమక్కూడా మందు పెట్టని ఇల్లు

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఎప్పుడో చచ్చిపోయిన పిల్లి కథ ఎవరికి కావాలండీ... కానీ నిన్న మా వీధిలో ఒకాయన, కుక్క పడుకునే వరండా అంచునే చీమల మందు చల్లుతుంటే చూశాను. ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.

మా చిన్నప్పుడు... తొంభైల మొదట్లో, మొగల్తూరు దగ్గర మా ఇంటి వంటగది మూల జాలీ తలుపుల చెక్కబీరువా ఒకటి ఉండేది. నెయ్యి, బెల్లం, మిగిలిన కూరలు అన్నీ అందులోనే. నాలుగు కాళ్ల కిందా నాలుగు రాతి గిన్నెలు, వాటి నిండా నీళ్లు. చీమ ఈదలేదు కాబట్టి బీరువా ఎక్కలేదు. అంతే ఏర్పాటు.

మా మామ్మ చీమల మందును గడప దాటనిచ్చేది కాదు. పొద్దున్నే వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గేసి, "వాటి వాటా అక్కడుంది, తినిపోతాయి" అనేది. అవి ముగ్గు తిని, భోజనానికి వంటింట్లోకి వచ్చేవి. వానాకాలమైతే మరీనూ... చేలల్లో నీళ్లు నిలవగానే ఊళ్లో చీమలన్నీ మా ఇంటికే చుట్టపుచూపుగా దిగేవి.

చీమల్లోనూ రకాలున్నాయండోయ్. నల్లచీమ మర్యాదస్తురాలు, తన దారిన తను పోతుంది. ఎర్రచీమకు ముక్కు మీద కోపం. గండుచీమ బెల్లం ముక్క పట్టిందంటే తల తెగినా వదలదు. నేను బళ్లో నేర్చుకున్నది తక్కువ... ఈ చదువంతా వంటింటి గచ్చు మీద బోర్లా పడుకుని సంపాదించినదే. సరే, పక్కదారి పట్టాను.

మామ్మకో పిల్లి ఉండేది. పేరు సుబ్బులు. దానికి విడిగా సత్తు గిన్నె ఉన్నా, నీళ్లు మాత్రం బీరువా కాలి కింద గిన్నెలోనే తాగేది. "చూడండ్రా, దీనికి రాతి గిన్నే కావాలిట... జమీందారు గారి కూతురు!" అని మామ్మ మురిసిపోయేది.

ఆ గిన్నెల్లో రోజూ నీళ్లు మార్చడం నా పని. మార్చకపోతే పైన దుమ్ము తెట్టె కడుతుంది. ఆ తెట్టె మీద చీమలు రోడ్డేసుకుంటాయి. నాకేమో పదకొండేళ్లు, ఒళ్లంతా బద్ధకం. ఒకసారి ముసురు పట్టినప్పుడు వరసగా నాలుగు రోజులు మార్చలేదు. నేతి గిన్నెలో చీమలు తేలాయి. అమ్మ చెంప ఛెళ్లుమనిపించింది. "ఆ మాత్రం పని చేతకాదుట్రా నీకు?"

మర్నాడు మధ్యాహ్నం పెరటి పాకలో అటకెక్కి, నాన్న వరికి కొట్టే మందు డబ్బా దింపాను. మీద పుర్రె బొమ్మ కనబడుతూనే ఉంది. ఒక్కో గిన్నెలో ఒక మూతెడు పోశాను. ఇక చీమ దగ్గరికే రాదు, నేను నీళ్లు మార్చక్కర్లేదు... ఎంత తెలివో! పిల్లి సంగతి గుర్తు రాలేదు. గుర్తు రాలేదనే ఇప్పటికీ చెప్పుకుంటున్నాను.

సాయంత్రానికి సుబ్బులు నోట్లోంచి నురగ. కాళ్లు కొట్టుకుంటోంది. మామ్మ దాన్ని పాత చీరలో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని రిక్షా ఎక్కింది.

పశువుల డాక్టరు గారు దాని కళ్లు విప్పి చూశారు. "ఏదో మందు తగిలినట్టుందండీ. ఏ మందో తెలిస్తే విరుగుడు ఇంజెక్షనుంది. చీమల మందు గానీ, ఎలకల మందు గానీ పెట్టారా?"

"మా ఇంట్లో చీమక్కూడా మందు పెట్టం బాబూ" అంది మామ్మ. అని నా వైపు తిరిగింది. "ఏరా, నువ్వేమన్నా చూశావా నాన్నా?"

తల అడ్డంగా ఊపాను.

"అయితే పామేమోనండీ" అని ఆయన తోచిన వైద్యం చేశారు. తిరిగొస్తుంటే దారిలోనే... మామ్మ ఒళ్లోనే పోయింది.

ఇంటికి రాగానే ఎవరూ చూడకుండా నాలుగు గిన్నెలూ మూడేసిసార్లు కడిగాను. మామ్మ ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. చెప్పలేదు.

ఇప్పుడా బీరువాలు లేవు, రాతి గిన్నెలు లేవు. చీమల మందు మాత్రం ప్రతి సందు చివరా దొరుకుతోంది. మా ఇంట్లో ఇప్పుడూ పిల్లి ఉంది. చీమలు బారు కట్టిన దారిని సబ్బునీళ్లతో తుడిచేస్తాను, వాసన పోతే అవి దారి తప్పుతాయి. తీపి వాటికి గట్టి మూత. పిల్లి తినగానే గిన్నె కడిగేస్తాను. తినేటప్పుడు ఆ గిన్నె కింద నీళ్ల పళ్లెం... ఉత్త నీళ్లే. మీ ఇంట్లో జంతువు ఎప్పుడైనా మందు నాకితే, ఆ డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే, ముందు కొట్టనని మాటిచ్చి, అప్పుడు అడగండి.

మీలోనూ ఎవరికైనా ఇలా గొంతులోనే ఉండిపోయిన మాట ఉంటే... కింద రాయండి. చదువుతాను.

సుబ్బులు పోయిన మర్నాడు పొద్దున్న పాలు పోసే ఆవిడ వచ్చింది. మామ్మ గుమ్మంలోకి వెళ్లి, రేపట్నుంచి ఒక గిద్దెడు తగ్గించమని చెప్పింది.