పోయొస్తానని చెప్పని రోజు

ఆ మే నెలలో మా ఊరి హైస్కూల్లో పదిమంది పిల్లలకు లెక్కలు చెప్పినా. పదో తరగతి లెక్కల్లో తప్పినోళ్లు వాళ్లంతా. నెలాఖరులోగా సప్లిమెంటరీ పరీక్ష రాయాల. లెక్కల సారు పోస్టు చూస్తే రెండేండ్లుగా ఖాళీ. అర్జీలు పెట్టి పెట్టి నా చేయి నొచ్చింది గానీ మనిషి రాలేదు. ఒళ్లు మండి నేనే పోయినా.

నాది తొమ్మిదో తరగతిలో ఆగిన చదువు. మిగిలిందంతా బోరు బండి మీద కూలికి తిరుగుతా, తూకానికి కొన్న పాత పుస్తకాల్లో నేర్చుకున్నది. బోరులోకి దిగిన పైపుల్ని బట్టి లోతు చెప్పగలిగినోనికి స్థూపం ఘనపరిమాణం రాకుండా పోతుందా?

హెడ్‌మాస్టరు నన్ను కింది నుంచి పైదాకా చూసినాడు. "ఏమప్పా పెద్దాయనా, సర్టిఫికెట్ ఏమన్నా ఉండాదా?"

"లేదు సార్. ఉండేవాళ్లను పిలిపించండి, నేను ఇంటికి పోతా."

పిలిపించడానికి ఎవరూ లేరు. నేనే దిక్కయినా.

ఆ బడిలో 'తోడు గది' అని ఒకటుండేది. విరిగిన బెంచీలు పడేసే గదిని సోషల్ చెప్పే చిన్న మేడమ్ కడిగించి, చాప పరిపించి, పిల్లలు ఏ కష్టమున్నా వచ్చి చెప్పుకునే తావుగా మార్చింది. పొద్దున తినకుండా వచ్చినోళ్లకు ఆడ డబ్బాలో బొరుగులుండేవి, కుండలో నీళ్లుండేవి. నాకు నవ్వొచ్చింది.

"కష్టం చెప్పుకోడానికి కూడా గది కావాల్నా మేడమ్? మా కాలంలో గోడలకు చెప్పుకుంటిమి."

"గోడలు ఏమన్నాయి తాతా?" అనిందామె.



ఆ పదిమందిలో ఒక పాప ఉండేది. మూడు మార్కుల్లో తప్పింది. వాళ్ల నాయన మిలిట్రీలో, సరిహద్దు దగ్గర. తరగతులు మొదలైన వారానికే యుద్ధం వచ్చింది. "మీరు ఫోను చేయొద్దండి, నేనే చేస్తా" అని ఒకసారి చెప్పి పెట్టేసినాడంట, ఆ తర్వాత ఆయన ఫోను లేదు. ఇంట్లో ఉండేది ఒకటే సెల్లు. పాప దాన్ని పుస్తకాల సంచిలో పెట్టుకోని క్లాసుకు వచ్చింది. బళ్లో సెల్లు కూడదని రూలు. అటెండరు దాన్ని తీసుకుపోయి బడి విడిచేదాకా బీరువాలో పెట్టి తాళం వేసినాడు. క్లాసు జరిగినంతసేపూ పాప చూపు నల్లబోర్డు మీద లేదు, ఆ గోడ అవతల బీరువా మీద ఉండాది.

మరుసటి రోజు రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. పరీక్ష ఇంక పది రోజులే.

నేనూ, చిన్న మేడమూ వాళ్లింటికి పోయినాము. పాప సెల్లు ఒళ్లో పెట్టుకోని కూర్చోనుండాది. వాళ్లమ్మ మజ్జిగ ఇచ్చింది. మేడమ్ మెల్లగా మాట మొదలుపెట్టింది గానీ, టీవీ మాట సాగనిస్తేనా! టై కట్టుకున్నోడొకడు తిరునాళ్లలో తాయెత్తులు అమ్మేవాని మాదిరి అరుస్తాండాడు. వెనక సైరన్ మోత, తెర మీద మంటలు. పాప మొగం చూస్తే కాగితం మాదిరి పాలిపోయుండాది. బిడ్డ తండ్రి ఆడ తుపాకీ పట్టుకోనుంటే, వీనికి ఈడ పండగా? నా కోపం నా చేతుల్లో లేకుండా పోయింది. లేచి టీవీ వైరు ఊడబెరికి, ఎవరి మొగమూ చూడకుండా బయటికి వచ్చేసినా. సగం దారిలో కాళ్లు చుర్రుమంటే తెలిసింది, చెప్పులు వాళ్ల గడప ముందరే విడిచినానని. పౌరుషం! వెనక్కి పోలేదు. మే నెల ఎండలో వట్టి కాళ్లతోనే ఇల్లు చేరినా.

పొద్దున మేడమ్ బడి గేటు దగ్గరే నన్ను ఆపింది.

"తాతా, నిన్న ఏం చేసినారో తెలుసా?"

"టీవీ ఆపినా. మంచి పనే చేసినా."

"లేచేటప్పుడు పోయొస్తానని చెప్పినారా?"

 మా పక్క ఎవరింటి నుంచి లేచినా 'పోయొస్తా' అని చెప్పి లేయాల. అది చెప్పకుండా లేచేది ఒక్క చావు ఇంట్లోనే. పలకరించేకి పోయినోళ్లు ఆడ తలొంచుకోని మాట్లాడకుండా వచ్చేస్తారు.

"వాళ్ల నాయన సంగతి మీకేదో తెలిసిందనీ, నోటితో చెప్పలేక టీవీ ఆపి పోయినారనీ ఆ పాప అనుకుంది. నేను కాదని చెప్పినా నమ్మలేదు. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదంట. పరీక్ష రాయనంటాండాది."

లోకం మీద విరుచుకుపడతా డెబ్బై ఏండ్లకు దగ్గరపడిన మనిషిని నేను. ఆ పొద్దు నా కోపం ఒక బిడ్డ నోటికాడి కూడు తీసింది. ఉన్నపళంగా పోయినా.

పాప గోడకు ఆనుకోని ఉండాది. నేను గడప బయటే నిలబడినా.

"నాకేమీ తెలీదు పాపా. మంచీ తెలీదు, చెడ్డా తెలీదు. ఆ టీవీవాని మీద కోపమొచ్చి పోయినా, అంతే."

"అబద్ధం. కోపమొచ్చినా అందరూ చెప్పే పోతారు."

"కోపంలో చెప్పులే మరిచిపోయినోనికి మాట గుర్తుంటుందా? చూడు, ఆ గడప కింద ఉండేవి ఎవరివి?"

పాప తొంగి చూసింది. నా చెప్పులే, ఎట్ల విడిచినవి అట్లనే. "వట్టి కాళ్లతో పోయినావా తాతా, ఆ ఎండలో?" అనింది. నా అరికాలు ఎత్తి బొబ్బ చూపించినా. ఏడుపు మొగం మీదనే కొంచెం నవ్వొచ్చింది బిడ్డకు. వాళ్లమ్మ గభాల్న లోపలికి పోయి సంగటి ముద్ద తెచ్చింది.

తింటా ఉంటే నా కథ చెప్పినా. బంగ్లాదేశ్ యుద్ధంలో మా అన్న మిలిట్రీలో ఉండె. టెలిగ్రాం వస్తుందేమోనని నేను బడి మానుకోని పోస్టాఫీసు అరుగు మీద కూర్చుంటి. నెల దాటింది. ఎందుకు రాలేదని అడిగిన సారు ఒక్కడూ లేడు, రిజిస్టర్లో పేరు మాత్రం కొట్టేసినారు. ఆ మంట నాకు ఇప్పటికీ ఆరలేదు.

"మీ అన్న?" అనింది పాప.

"మీసాలు పెంచుకోని వచ్చినాడు. నేను అరుగు మీద కూర్చున్నందుకు కాదు, వచ్చేవాడు గనక వచ్చినాడు. నా చదువే మళ్లీ రాలేదు."

పాప చేయి కడుక్కుంటా అడిగింది: "సరే తాతా, క్లాసుకు వస్తా. నేను ఆడ ఉన్నప్పుడు, సెల్లు బీరువాలో ఉన్నప్పుడు, మా నాయన చేస్తే?"

న్యాయమైన ప్రశ్న. దాన్ని అట్లనే పోయి హెడ్‌మాస్టరు ముందర పెట్టినా.

"ఒకరికి ఒప్పుకుంటే అందరూ తెస్తారప్పా," అన్నాడు.

"అందరి నాయనలూ సరిహద్దులో ఉంటే అందరూ తేనీ సార్!"

నా గొంతు లేచింది. మేడమ్ నా చేయి పట్టి ఆపి, "తోడు గదిలో పెడదాం సార్. లెక్కల క్లాసు కూడా ఆడనే జరుపుకుంటారు," అనింది. ఆయన చాలాసేపు అద్దాలు తుడుచుకున్నాడు. ఆ తర్వాత లేచి, తన చార్జరు తానే తెచ్చి ఇచ్చినాడు. ఆ మనిషి మీద ఎన్నో అన్నా గానీ, ఆ పొద్దు మాత్రం దండం పెట్టినా.

సిగ్నల్ తగిలే కిటికీలో సెల్లు పెట్టి, చాప మీద లెక్కలు మొదలుపెట్టినాము. అది మోగిందంటే పదిమంది తలలూ అటే. మొదటిసారి మోగితే, కాలర్ ట్యూన్ పెట్టుకోమని చెప్పే రికార్డు గొంతు. "నీ ట్యూనూ వద్దు, నువ్వూ వద్దు, పెట్టేయ్!" అని పాప గద్దించింది. అంతా పడి పడి నవ్వినారు. ఆ నవ్వుతోనే ఆ రోజు రెండు అభ్యాసాలు అయిపోయినాయి.

కాల్పులు ఆగినాయని తెలిసిన మరుసటి రోజు, స్థూపం లెక్క సగంలో ఉండగా మళ్లీ మోగింది. నేను సుద్దముక్క కింద పెట్టినా.

"నాయనా!" అనింది పాప. సెల్లు రెండు చేతులతో చెవికి అదుముకునింది. ఆ తర్వాత, "ఈడ లెక్కల క్లాసులో ఉండా నాయనా." గది అంత నిశ్శబ్దంగా ఉండాది గనక అవతలి గొంతు మాకూ వినబడింది: "అయితే పెట్టేయ్ మ్మా, పాఠం విను. సాయంత్రం చేస్తా."

కండ్లు తుడుచుకోని కూర్చోని, "వ్యాసార్ధం దగ్గర ఆపినావు తాతా," అనింది. నాకే బోర్డు కనపడలేదు కాసేపు.

పరీక్ష రోజు పొద్దున పిల్లలంతా బస్సెక్కినారు. మేడమ్ ఒక్కొక్కరికీ బొరుగుల పొట్లం ఇచ్చింది. పాప కిటికీలోంచి తల బయట పెట్టి, "తాతా, కాళ్లకు చెప్పులుండాయా?" అని అరిచింది.

"ఉండాయిలే, ఉండాయి!"

బస్సు కదిలింది. "పోయొస్తా తాతా!" అనింది, ఊరంతా వినబడేటట్లు.

"పోయిరా మ్మా," అన్నా.