పదకొండో నంబరు రూములో వసుధ

వసుధ మా వీధికి కోడలై వచ్చింది తొంభై నాలుగులో. పుట్టిల్లు కుప్పం. ఆమె మామ కృష్ణప్పకు కురబలకోట దగ్గర రెండు బోర్లు, ఆరెకరాల టమాటా తోట. కాపురం మాత్రం మదనపల్లెలో, మా ఇంటి పక్కన. మొగుడు హరీష్ అంగళ్లు కాలేజీలో ల్యాబు పని చూసేవాడు. నెమ్మదస్తుడు. గొంతు పెంచగా మేమెవరమూ వినలేదు. కష్టమేమిటంటే ఆ గొంతు పెంచాల్సిన చోట కూడా పెరిగేది కాదు.

రెండువేల రెండులో ఒక విత్తనాల కంపెనీ వాళ్లు, తమ విత్తనం ఎక్కువ వేసిన రైతులకు టూరు పెట్టారు. పాండిచ్చేరి దగ్గర సముద్రం ఒడ్డున రిసార్టు. ఇంటికి రెండు రూములు, నాలుగు దినాలు, టిఫిను మొదలు రాత్రి భోజనం దాకా అంతా వాళ్లదే. కృష్ణప్ప పేరు ఆ జాబితాలో వచ్చింది. పుంగనూరు నుంచి ఆయన కూతురు వీణ, పిల్లలిద్దరితో చేరింది. వసుధ కూతురు చాందినికి అప్పటికి ఆరేళ్లు. బయల్దేరే ముందు రోజు వసుధ మా గోడ దగ్గరికొచ్చి, పెళ్లయినాక నాలుగు దినాలు పొయ్యి అంటించకుండా ఉండేది ఇదే మొదటిసారి అని చెప్పింది. ఆమె ముఖంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు.

తక్కినదంతా తర్వాత ఆమె నోటనే విన్నాను.

రిసార్టు ఒకప్పుడు బాగా బతికిన చోటట. ఇప్పుడు ఉప్పుగాలికి గోడలు పెళ్లలు ఊడి, ఈతకొలనులో అడుగున పచ్చటి పాచి. వచ్చినవాళ్ల చేతులకు కాగితం పట్టీలు చుట్టారు. అది ఉంటేనే అన్నం. కంపెనీ వ్యాను దింపేసి వెళ్లిపోయింది, నాలుగో దినం పొద్దున్నే గానీ రాదు. దగ్గరి ఊరు తొమ్మిది కిలోమీటర్లు. వీళ్లకిచ్చిన రెండిట్లో పదకొండో నంబరు రూము కిటికీ తెరవగానే తెర కడ్డీ ఊడి కిందపడింది. చాందిని దాన్ని కర్రసాముకు తీసుకుంది.

మొదటి పూట భోజనంలో అన్నం పలుకుగా ఉంది, సాంబారు పులిసింది. కృష్ణప్పకు చక్కెర జబ్బు. రెండు ముద్దలు తిని, బయటికి పోయి కక్కుకున్నాడు. వసుధ అత్త ఆదెమ్మ రూముకొచ్చి, మంచం కింద తోసిన గోనెసంచి లాగింది. అందులో రాగిపిండి, నూకలు, వేయించిన చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, రెండు గిన్నెలు, కిరసనాయిలు డబ్బా, పంపు స్టవ్వు. ఇవన్నీ ఎప్పుడు సర్దిందో వసుధకు తెలియదు.

"మామకు ఒక్కడికే ఇంత సంగటి గెలకమ్మా. ముసిలాయన పస్తు ఉంటాడు" అంది ఆదెమ్మ.

రూముల్లో వంట చెయ్యకూడదని తలుపు మీద బోర్డు ఉంది. అందుకని బాత్రూములో స్టవ్వు పెట్టారు. వాసన బయటికి పోకుండా తలుపులూ కిటికీలూ మూశారు. సంగటి కట్టె ఒక్కటే మరిచిపోయారు గనక చాందిని దగ్గర తెర కడ్డీ తీసుకుని, వేడినీళ్లతో కడిగి దాంతోనే గెలికింది వసుధ. బాత్రూము గోడకు పైన చిన్న గవాక్షం. బకెట్టు బోర్లించి ఎక్కితే అందులోంచి జానెడు నీలం కనపడేది. అది నీళ్లో ఆకాశమో తెలిసేది కాదు. హోరు మాత్రం ఆగకుండా వినపడేది.

మామ ఒక్కడికని మొదలైంది, సాయంత్రానికి అత్తకూ హరీష్‌కూ చేరింది. వీణ పిల్లలు ఆ సాంబారు మేం తినం అన్నారు. వీణ మంచం మీద పడుకుని టీవీ చూసేది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని వసుధ ప్రయత్నం చేసింది, రాలేదు. పుంగనూరులో వీణ పదిమందికి వండిపెట్టే మనిషి. "ఈ నాలుగు దినాలన్నా పొయ్యి ముఖం సూడకుండా ఉండనీ వదినా" అని ముందే అడిగేసింది.

హరీష్ రెండుసార్లు వచ్చి, ఒడ్డుకు పోదాం రా అన్నాడు. రెండుసార్లూ స్టవ్వు మీద గిన్నె ఉంది. రేపు పోదాంలే అని చాందినిని ఎత్తుకుని వెళ్లిపోయాడు.

రెండో దినం కలకడ నుంచి వచ్చిన రెడ్డెప్ప, పన్నెండో నంబరు రూములో దిగినాయన, తలుపు తట్టాడు. ఆయనా అదే కంపెనీ రైతు. తాలింపు వాసన గోడ దాటి పోయిందట. ముసలి తల్లి మూడు పూటలుగా ఏమీ తినలేదని, ఒక ముద్ద ఉంటే ఇమ్మని అడిగాడు. ఆదెమ్మకు గర్వం పొంగుకొచ్చింది.

"యాల మొగమాటం అప్పా? మా కోడలు ఉండాది. మీ ఇంటిల్లిపాదీ ఈడనే తినండి" అంది.

వాళ్లు ఏడుగురు. రాగిపిండి సరిపోక రెడ్డెప్ప ఎవరిదో స్కూటరు అడుక్కుని ఊరికి పోయి బియ్యం, కందిపప్పు, కిరసనాయిలు తెచ్చాడు. అందరూ వసుధను మెచ్చుకున్నారు. మూడో దినం మధ్యాహ్నానికి ఆ బాత్రూములో పదిహేనుమందికి వంట అవుతోంది. ఆవిరికి గోడలు కారుతున్నాయి. పొగకు కళ్లు మండి ఆమె తలుపు కొంచెం తీసిందో లేదో, మేనేజరు చూస్తాడు మూయమని అవతలి నుంచి అత్త గొంతు. మూసింది. ఆ తలుపు చాటున తాను ఏడ్చిందో, పొగకు నీళ్లు కారాయో తనకే తెలియలేదని చెప్పింది.

మేనేజరు నిజంగానే వచ్చాడు. బాత్రూములో మసి చూశాడు. ఇది ఎవరి పని అని వచ్చీరాని తెలుగులో అడిగాడు. రూములో అందరూ ఉన్నారు. ఎవరూ నోరు తెరవలేదు. హరీష్ చాందిని జడ సవరిస్తూ కూర్చున్నాడు.

"నేనే" అంది వసుధ.

ఆయన ఆమెను ఎగాదిగా చూసి, చదువుకున్నదానిలా ఉన్నావు, బోర్డు కనపడలేదా అని తమిళంలో మందలించి పోయాడు. తమిళనాడు అంచునున్న కుప్పం పిల్ల గనక ఆ మాటలన్నీ ఆమెకు అర్థమయ్యాయి. రూములో తక్కినవాళ్లకు అర్థం కాలేదు. ఆయన ఏమన్నాడని హరీష్ అడిగితే, ఏమీ అనలేదని చెప్పి గిన్నె దించింది.

నాలుగో దినం వ్యాను పొద్దున ఏడుకే వచ్చింది. వసుధ అప్పుడు కొళాయి దగ్గర అడుగంటిన గిన్నెలు తోముతోంది. అవి సంచిలో పెట్టేసరికి అందరూ వ్యానులో ఉన్నారు. వ్యాను రోడ్డెక్కాక కుడివైపు సముద్రం కనపడింది. ఆమె ఎడమవైపు కూర్చుంది, ఒళ్లో చాందిని నిద్రపోతోంది. కుడివైపు వాళ్ల తలకాయలే కనపడ్డాయి.

పలమనేరులో టీకి ఆపారు. బస్టాండులో కుప్పం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. వసుధ చాందిని చెయ్యి పట్టుకుని హరీష్ దగ్గరికి పోయింది. "నేను కుప్పం పోతాండా. రెండు దినాలు ఉండి వస్తా" అంది. అతను టీ గ్లాసు పట్టుకుని అట్లే నిలబడ్డాడు. ఆమె బస్సెక్కింది.

కుప్పంలో తల్లి శారదమ్మ కూతురు చెప్పిందంతా విన్నది. మర్నాడు వాకిట్లో కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ, "మొగుడు కొట్టలేదు, తిట్టలేదు. సముద్రానికి తీసకపోయినాడు. ఏమని చెప్పుకుంటావమ్మా? విన్నోళ్లు నవ్వరా?" అంది. తల్లి మాట తప్పని వసుధకు అనిపించలేదు. అదే ఆమెను ఎక్కువ కుంగదీసింది.

మూడో దినం హరీష్ వచ్చాడు. అత్తగారింట్లో భోజనం చేసి, వసుధతో బావి గట్టు దాకా నడిచాడు. "మేనేజరు అడిగినప్పుడు నేను చెప్పాల్సింది. నోరు రాలేదు" అన్నాడు. ఆమె ఆ మాట కోసం మూడు దినాలుగా చూసిందట. తీరా విన్నాక మనసేమీ తేలిక పడలేదు. చాందిని బడికి పోవాలి గనక బట్టలు సర్దుకుంది.

రెండువేల అయిదులో కంపెనీ మళ్లీ టూరు పెట్టింది, అదే రిసార్టు. కృష్ణప్ప సంబరంగా భోజనాల దగ్గర చెప్పాడు. వసుధ చారు వడ్డిస్తూ, నేను రాను, మీరు పోయి రండి అంది. ఆదెమ్మ ఎంత బతిమాలినా అదే మాట. హరీష్ కంచంలోంచి తలెత్తి, "రానని చెప్తాండాది కదమ్మా" అన్నాడు. మళ్లీ కంచంలోకి వంగి అన్నం కలుపుకున్నాడు.

"నువ్వు రాకుంటే మేం ఆడ ఏం తినేది?" అంది ఆదెమ్మ చివరికి.

ఎవరూ పోలేదు. కంపెనీ ఇచ్చిన కూపన్లు ఎవరో చుట్టాలకు ఇచ్చేశారు. ఆ నాలుగు దినాలూ వసుధ ఎప్పటి మాదిరే ఇంట్లో మూడు పూటలా వండింది. పోకుండా మిగుల్చుకున్నది ఏముందని నేను అడిగాను.

"ఏమీ లేదక్కా. ఈడ చేసేదాన్ని పని అంటారు. ఆడ అదే చేస్తే టూరు అన్నారు" అంది, బియ్యంలో రాళ్లు ఏరుతూ.